ఎమెలీనే మణికట్టు

తూపౌ అత్త వచ్చి వెళ్ళాక ఇంట్లో ఏం పోయిందని చూసుకోకూడదు, ఏం మిగిలిందని చూసుకోవాలి. ఈ సూత్రం అకనేసికి పెళ్ళయిన కొత్తల్లోనే వంటబట్టింది. మేనత్తంటే మాటలా? తండ్రికి తోబుట్టువు, కాబట్టి తండ్రి కన్నా ఒక మెట్టు పైన. ఆవిడ చేత్తో తడిమి "ఇది బాగుందే" అన్న వస్తువు ఆ క్షణం నుంచి ఆవిడదే. ఇవ్వనని అనడానికి టోంగాలో ఇంకా మాట పుట్టలేదు. అలా పోయినవాటిలో అడుగు మందంగా ఉండే వేపుడు మూకుడు ఉంది, ఎర్ర ఈకల అంచు కుట్టిన మొగలి చాప ఉంది, ఉన్న పెట్టల్లో గుడ్లు పెట్టే బుద్ధి ఉన్న ఒకే ఒక్క పెట్ట ఉంది, మొగుడు ఫెలేటి గారి కొత్త గొడుగు ఉంది. సెయిని ఉంది. సెయిని అంటే కూతురు. పిల్లకి నడక వచ్చిన ఏడాది ఆవిడ ఓ సాయంత్రం వచ్చి, బుగ్గ పుణికి, "ఈ పిల్ల బాగుందే" అంది. పిల్లలు లేని మేనత్త మేనకోడలి పిల్లని పెంచుకోవడం ఎక్కడా లేని వింత కాదు, ఊళ్ళో సగం మంది అలా పెరిగినవాళ్ళే. రెండు వీధుల అవతలే ఇల్లు. మూకుడు గురించి మాత్రం అకనేసి ఇరవై ఏళ్ళుగా సణుగుతూనే ఉంది. సెయిని గురించి ఒక్కనాడూ సణగలేదు. ఫెలేటి ఒకసారి, ఆ మూకుడు మీద అంత ప్రేమేమిటే, బజార్లో ఇంకోటి కొందాం అన్నాడు. అలాంటిది దొరకదని చెప్పి ఆమె దుంపలు తరగడంలో పడిపోయింది.

ఆ అత్తే చెప్పింది కాబట్టి ఇప్పుడు, శనివారం తెలతెలవారుతుండగా, ఊరి పందులు కూడా ఇంకా ఒళ్ళు విరుచుకోకముందే, అకనేసి శ్మశానంలో దేవగన్నేరు చెట్టు కింద చాప మీద కూర్చుని తన వేళ్ళు విచ్చుకోవడం కోసం చూస్తోంది. రోజూ పొద్దున్నే ఇదే తంతు. నిద్రలో ఎవరో వచ్చి వేళ్ళ కణుపుల్లో తడి ఇసుక పోసి, కూరి, మూత పెట్టి వెళ్ళినట్టు ఉంటుంది. గంట పడుతుంది అది కరగడానికి. ఆ గంటలో ఆమె భార్య కాదు, తల్లి కాదు, ఇంటిది కాదు, ఒడిలో రెండు పిడికిళ్ళు పెట్టుకున్న ఏదో బొమ్మ. కాకపోతే ఆ గంట ఆమెకి ఇష్టం కూడా. ఎవరూ ఏ పనీ చెప్పని గంట అదొక్కటే. సగం కల, సగం మెలకువ, సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, తెల్ల ఇసుక సమాధుల మీద కట్టిన రంగురంగుల బొంతలు ఆ గాలికి ఊపిరి తీసుకుంటున్నట్టు ఉబ్బడం, తగ్గడం. ఎదురుగా లాతూ, ఫెలేటి కలిసి నాయనమ్మ ఎమెలీనే సమాధి తవ్వుతున్నారు. లాతూ పెదనాన్న కొడుకు, వరసకి అన్న. ఎముకలు తీయడంలో చెయ్యి తిరిగినవాడు. పార ఇసుకలోకి దిగిన చప్పుడు, ఇసుక జారిన చప్పుడు. మొదట చూపుడువేలు కదలాలి. ఇంకా కదలలేదు. వాళ్ళూ ఇంకా పైపైనే ఉన్నారు. ఎవరు ముందు తెరుచుకుంటారో చూద్దాం అనుకుంది, నాయనమ్మా నేనా అని.

ఒంట్లో ఎందుకొచ్చిందో తెలియని నొప్పి దిగబడి పోనంటే, పోయినవాళ్ళెవరికో మట్టిలో ఇబ్బందిగా ఉందని లెక్క. తలనొప్పి అయితే పుర్రెలోకి చెట్టు వేరు దూరి ఉంటుంది, మోకాలు నొప్పి అయితే మోకాలి మీద రాయి కూర్చుని ఉంటుంది. తవ్వి, ఆ వేరు లాగేసి, ఎముకలు కొబ్బరినూనెతో తుడిచి, కొత్త బెరడు బట్టలో చుట్టి మళ్ళీ పడుకోబెడితే వాళ్ళకీ సుఖం, మనకీ సుఖం. అకనేసి కాలేజీలో జీవశాస్త్రం చదివింది, కప్పని కోసింది, మార్కులు కూడా వచ్చాయి. అయినా చిన్నాన్న నడుంనొప్పి తాతయ్య సమాధిలోంచి సరుగుడు వేరు లాగిన మర్నాడు తగ్గడం కళ్ళారా చూసింది. ఈ రెండూ ఆమె బుర్రలో పోట్లాడుకుని అలిసిపోయిన తోడికోడళ్ళలా ఒకే ఇంట్లో కాపురం చేస్తాయి. ఒకరి పొయ్యి జోలికి ఒకరు పోరు. చర్చి పాస్టరు గారికి మాత్రం సమాధి బాగుచేస్తున్నాం అని చెప్పారు. ఆయన మంచిది మంచిది అన్నారు. ఈ పొద్దు ఆయన పక్క ఊరికి ప్రార్థనకి వెళ్ళడం కాకతాళీయం అనుకోవాలి.

అసలు ఇదంతా ఒక కప్పుతో మొదలైంది. నాలుగు నెలల కిందట అత్త ఇంటికి వెళ్తే సెయిని టీ తాగుతోంది, కప్పు పిడి పట్టుకోకుండా, రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, పిట్ట పిల్లని పట్టుకున్నట్టు. చలేస్తోందా అని అడగబోయి అకనేసి ఆగిపోయింది. ఈ దీవిలో చలేమిటి. తనకి మొదలైనప్పుడు తనూ అలాగే పట్టుకుంది. పిడిలో వేలు దూర్చి ఎత్తితే కణుపులో సూది దిగుతుంది, అరచేతులకి ఆ బాధ ఉండదు. ఎవరూ నేర్పరు ఆ పట్టు, నొప్పే నేర్పుతుంది. పిల్ల ముఖం చూసింది. సెయిని నవ్వి కప్పు కింద పెట్టి, చేతులు లంగా మడతల్లో దాచుకుంది. మొగలి చాప అల్లే ఆడవాళ్ళందరిలోకీ చురుకైన వేళ్ళు ఆ పిల్లవి, అత్త గర్వమంతా ఆ వేళ్ళలోనే ఉంది. వాటిలో రెండు, మధ్య కణుపు దగ్గర, సీమపనస పిందెల్లా ఉబ్బి ఉన్నాయి. "అమ్మమ్మకి చెప్పకమ్మా" అంది సెయిని. అమ్మమ్మ అంటే తూపౌ అత్త. చెప్పక్కర్లేకుండానే ఆవిడ వాకిట్లో నుంచి చూస్తోంది.

చూపుడువేలు కదిలింది. కొంచెం. మట్టి పెళ్ళ విరిగినట్టు లోపల ఏదో టక్కుమంది. టక్. ఆ చప్పుడుకి ఊరు ఊరంతా గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఊరికి గుండె ఉండేది, అది ఇలాగే కొట్టుకునేది, టక్ టక్ టక్, ప్రతి ఇంటి వెనకా ఆడవాళ్ళు దుంగ ముందు కూర్చుని కొయ్య సుత్తులతో బెరడు కొడుతుంటే. బెరడు పలచబడేది, వెడల్పయ్యేది, బట్ట అయ్యేది. పెళ్ళికి అదే, చావుకి అదే, పెద్దమనిషి ఎవరైనా వస్తే వాళ్ళ కాళ్ళ కింద పరిచేదీ అదే. మధ్యాహ్నాలు ఆ చప్పుళ్ళలో నిద్రపోయేది అకనేసి. నాయనమ్మ చప్పుడు వేరేగా ఉండేది. మిగతావాళ్ళవి జంటలుగా పడేవి, ఆవిడది ఒకటి పడి, ఆగి, ఊపిరి పీల్చుకుని, ఇంకోటి పడేది. కుంటి గుర్రం వస్తున్నట్టు. ఆవిడ కుడిచేతి వేళ్ళన్నీ చిటికెన వేలి వైపుకి వాలిపోయి ఉండేవి, గాలికి ఒకే పక్కకి ఒరిగిన కొబ్బరిచెట్ల వరసలాగా. దువ్వెన పట్టుకోలేక ముంజేత్తో జుట్టు సవరించుకునేది. ఆవిడ అకనేసి వీపు రాస్తే ఆ చెయ్యి కట్టెలా వంగకుండా తగిలేది, కానీ నూనె వాసన, నూనెలో వేసిన పూల వాసన, వెచ్చగా. ఆ చేతికి సుత్తిని ఎర్రగుడ్డ పేలికతో కట్టి ఉండేది. మణికట్టు మీదుగా మూడు చుట్లు, పైన గట్టి ముడి. ఒంటిచేత్తో ఆ ముడి ఎలా వేసుకునేదో అకనేసికి ఎప్పుడూ అంతు పట్టలేదు.

ఆ ఎర్రగుడ్డ కథ ఊళ్ళో ఎవరికి తెలీదు? తూపౌ అత్త చర్చి ఆడవాళ్ళ సమావేశంలో ఏడాదికోసారైనా చెబుతుంది. మా అమ్మ చేతులు పనికి అరిగిపోయాయి, పట్టు తప్పుతుంటే సుత్తిని చేతికి కట్టుకుని మరీ కొట్టింది, ఇప్పటి పిల్లలకి వేలు నొప్పి అంటే మంచం. ఆ చివరి మాట దగ్గర ఆవిడ కళ్ళు అకనేసిని వెతుక్కుంటాయి. వెతకడం కష్టం కాదు, ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చుంటుంది, చేతులు బైబిలు కింద పెట్టుకుని. అకనేసికి జబ్బు మొదలైనప్పుడు కూడా అత్త పద్ధతి అత్త చూపించింది. తడి జుట్టుతో పడుకోకు అంది, ఇస్త్రీ చేసి చన్నీళ్ళు ముట్టుకోకు అంది, రోజూ వచ్చి నూనె రాసి కణుపులు పిండింది. మూడేళ్ళు పిండింది. ప్రేమే అది, అందులో అనుమానం లేదు, కళ్ళలో నీళ్ళు తిరిగేంత ప్రేమ. మూడేళ్ళ తర్వాత పెద్దాసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీసి, కుడి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు విడివిడిగా ఉండాలి తల్లీ, నీకు కలిసిపోయి ఒకటే ముద్ద అయ్యాయి అన్నారు. నల్లటి ఫిలిం మీద తెల్లటి ముద్ద, అలలకి కొట్టుకొచ్చిన పగడపు రాయిలా. ఆ మాటకొస్తే అందంగానే ఉంది. ఇక ఆ మణికట్టు వంగదు. మందు వేసుకుంటే మిగతా చోట్ల ఆగుతుంది, అయినది వెనక్కి రాదు. పొద్దుటి గంట కూడా పోలేదు.

ఫెలేటి గోతిలోంచి తల పైకెత్తి టీ ఉందా అన్నట్టు చూశాడు. ఫ్లాస్కు ఉంది, మూత తీయడానికి వేళ్ళు లేవు. ఇంకా కాదు అని తల ఊపింది. అతను అర్థం చేసుకుని వంగాడు. పాతికేళ్ళ కాపురంలో సగం మాటలు ఇలా తలల మీదే నడుస్తాయి. అతనికి ఇప్పుడు చుట్ట తాగాలని ఉంది. కానీ సెయిని రక్తపరీక్ష ఫలితం వచ్చిన రోజు నుంచి మానేశాడు, లేదా మానేశానని చెబుతున్నాడు, పందుల దొడ్డి మాత్రం ఈమధ్య పొగాకు వాసన కొడుతోంది.

రక్తం ఆక్లండ్ వెళ్ళి వచ్చింది. మూడు నెలలకోసారి అక్కడి నుంచి వచ్చే కీళ్ళ డాక్టరమ్మ తీసుకెళ్ళింది. అకనేసిదీ, సెయినిదీ. డాక్టరమ్మ ఇక్కడి బిడ్డే, పెరిగింది అక్కడ. తూపౌ అత్త ఆమెని చూడగానే జబ్బు సంగతి అడగలేదు, నువ్వు ఎవరి కూతురివి, మీ తాతది ఏ ఊరు, మీ నాయనమ్మ ఎవరి ఆడపడుచు అని అడిగింది. డాక్టరమ్మ అన్నీ ఓపిగ్గా చెప్పి, తిరిగి అవే ప్రశ్నలు మొదలెట్టింది. మీ అమ్మగారి చేతులు ఎలా ఉండేవి, ఆవిడ అమ్మగారివి, ఆడపడుచులవి? అకనేసి మధ్యలో కూర్చుని ఇద్దరినీ చూసింది. ఇద్దరు వంశాలు తవ్వేవాళ్ళు ఒకరికొకరు ఎదురుపడ్డారు. అత్త నిటారుగా కూర్చుని, మా అమ్మవి పనికి వంగిన చేతులు, జబ్బు చేతులు కావు, మా ఇంట్లో ఆ జబ్బు లేదు అంది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాయబోయి ఆగింది.

తర్వాత ఆమె చెప్పిన సంగతి అకనేసికి కలలోలా గుర్తుంది, ఎందుకంటే వింటున్నంతసేపూ ఆమె చూపు సెయిని చేతుల మీదే ఉంది. ఒంట్లో కాపలావాళ్ళు ఉంటారట. మనవాడెవడో పరాయివాడెవడో పోల్చుకోవడానికి వాళ్ళ దగ్గర ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. కొన్ని వంశాల్లో ఆ గుర్తు ఒక రకం వంకరతో దిగుతుంది. అప్పుడు కాపలావాళ్ళు పొరబడి సొంత కీళ్ళ మీదే పడొచ్చు. వంకర ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరాలని లేదు. కానీ జబ్బు వచ్చినవాళ్ళలో ఆ వంకర ఉంటే ఎముక త్వరగా అరుగుతుంది. రెండు వైపుల నుంచీ వస్తే ఇంకా త్వరగా. పొగ తోడైతే చెప్పక్కర్లేదు. అకనేసికి ఒకటి ఉంది. సెయినికి రెండూ ఉన్నాయి. అంటే ఫెలేటి వైపు నుంచి కూడా ఒకటి. ఫెలేటి "పోనీలే, మా వైపు వాళ్ళు కూడా ఒట్టి చేతుల్తో రాలేదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, డాక్టరమ్మ మాత్రం దగ్గింది. బయటికొచ్చాక అతను ఆసుపత్రి గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు.

మందు ఇప్పుడే మొదలెడితే, ఎముక అరగకముందే, పిల్ల వేళ్ళు పిల్లకి ఉంటాయి. అది అకనేసికి అర్థమైన ఒకే ఒక్క వాక్యం. ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు, ఒడిలోనే ఉంది. డాక్టరమ్మ సోమవారం విమానం ఎక్కుతుంది, మళ్ళీ మూడు నెలలకి. కానీ సెయిని పెరిగింది అత్త చేతిలో. అమ్మమ్మ సరేననకుండా మాత్ర కాదు గదా మంచినీళ్ళు కూడా మింగదు. అత్త సరేననలేదు. వంకర గుర్తా, అయితే ఒకటి ఇతగాడి వైపు నుంచి, ఇంకోటి మీ అమ్మ వైపు నుంచి, ఆ నియువా దీవి వాళ్ళ రక్తం నాకు ముందే తెలుసు, మా వైపు నుంచి మాత్రం కాదు అంది. అకనేసి అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. కడుపు చల్లని మనిషి, చేతులు చివరిదాకా చక్కగా, కొబ్బరాకు ఈనెల్లా తిన్నగా ఉండేవి. అకనేసి ఆ మాట అనలేదు. మేనత్త మాటకి ఎదురు చెబితే నోట్లో పుండు లేస్తుందని చిన్నప్పుడు చెప్పేవారు. పుండు లేస్తుందని ఆమె నమ్మదు. అయినా ఎప్పుడూ పరీక్షించి చూడలేదు.

చివరికి అత్త ఒక మెట్టు దిగింది. ముందు మా అమ్మ ఎముకలు చూద్దాం, చేతిలో వేరు దూరి ఉంటుంది, అది తీస్తే పిల్లకి అదే తగ్గుతుంది, వేరు లేకపోతే అప్పుడు మీ ఇష్టం, మీ సూదులు మీరు పొడుచుకోండి. ఒప్పందం న్యాయంగానే ఉంది. ఒక్కటే చిక్కు. సమాధి పక్కన ఈ దేవగన్నేరు చెట్టు ఉంది. నాయనమ్మ చనిపోయిన ఏడాది అత్తే నాటింది. పక్కన చెట్టున్న సమాధిలో వేరు దొరక్కపోవడమంటే సముద్రంలో ఉప్పు దొరక్కపోవడమే. వేరు దొరుకుతుంది. అత్త లేచి నిలబడి ప్రార్థన చెబుతుంది. సెయిని నొప్పి తగ్గిందంటుంది, ఎందుకంటే అమ్మమ్మని బాధపెట్టడం ఆ పిల్లకి చేతకాదు. తగ్గిందన్న నోటితోనే రెండు చేతుల మధ్యా కప్పు పట్టుకుని టీ తాగుతుంది, ఈ మూడు నెలలూ, ఆ పై మూడు నెలలూ. అకనేసి నిన్న సాయంత్రం లాతూ ఇంటికి బీఫ్ డబ్బా ఒకటి పంపింది. ఏమీ అడగలేదు. ఊరికే, అన్నయ్య కష్టపడతాడు కదా అని. పొద్దున అతను గడ్డం గోక్కుంటూ, నీ డబ్బా అందింది చెల్లెమ్మా, అత్త పంపింది కూడా అందింది, ఆవిడది పెద్ద సైజు అని చెప్పాడు. దేవుడు అకనేసి పెదవుల మీద నవ్వు పెట్టి, గుండెలో రాయి పెట్టాడు.

తూరుపున తెల్లని గీత ఒకటి పడింది. గబ్బిలాలు తిండి ముగించుకుని సరుగుడు చెట్ల వైపు, నల్లని తడి గుడ్డలు ఎవరో విసిరినట్టు, ఒకటీ ఒకటీ పోతున్నాయి. చూపుడువేలు, మధ్యవేలు, ఇప్పుడు ఉంగరం వేలు. ఉంగరం ఎప్పుడో తీసేసింది. కన్ను మూస్తే నాయనమ్మ దుంగ దగ్గర కూర్చుని ఉంది. టక్. ఆగి. టక్. కళ్ళు తెరిస్తే పార చప్పుడు ఆగిపోయింది. లాతూ పార పక్కన పెట్టి కొబ్బరి చిప్పతో ఇసుక తోడుతున్నాడు, ఆ తర్వాత ఉత్త చేతులతో, నిద్రపోతున్న బిడ్డ మీంచి దుప్పటి తీస్తున్నట్టు. పాత బెరడు బట్ట టీ ఆకు పొడిలా రాలింది.

"ఎండ తగలనివ్వకండి" అంది అత్త.

అప్పటిదాకా ఆవిడ గోతి గట్టు మీద నల్లబట్టల్లో, పోయినవాళ్ళకి మర్యాదగా నడుముకి చాప చుట్టుకుని, రాయిలా నిలబడే ఉంది. అకనేసి లేచింది. అత్త వెనక నిలబడ్డ సెయిని కూడా ముందుకి వచ్చింది. గోతి మీద కొత్త బెరడు బట్ట పందిరిలా పట్టాలి, నాలుగు మూలలకీ నలుగురు. గోతిలోంచి పైకొచ్చిన ఫెలేటి ఒకటి, అత్త ఒకటి. అకనేసి తన మూలని వేళ్ళతో పట్టుకోలేదు, ముంజేతికి రెండు చుట్లు చుట్టి మోచేయి మడిచింది. ఎదురు మూల చూసింది. సెయిని కూడా అదే చేసింది, రెండు చుట్లు, మోచేయి మడవడం. పిల్లకి ఎవరూ చెప్పలేదు. అత్త చూపు ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్ళి, తిరిగొచ్చింది. బట్ట కింద గాలి పసుపు రంగులోకి మారింది, కలలో ఉండే వెలుతురు అది, అందులో అందరి ముఖాలూ పాత ఫోటోల్లా ఉన్నాయి.

వేరు ఉంది.

లాతూ పక్కటెముకల పక్క ఇసుక తీస్తుండగా బయటపడింది. వేలంత లావు, తొక్క లేచిన చోట పాల రంగు, చెట్టు వైపు నుంచి వచ్చి, ఛాతీ పక్కగా పోయి, కుడి ముంజేతి ఎముకకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. తగల్లేదు. కానీ బెత్తెడంటే ఎంత. అకనేసి కళ్ళు మూసుకుంది. ఈ వేరుకి ఇంకో ఏడాది ఆగడానికి ఏమైంది అనుకుంది, లేదా ఇంకో వైపు తిరగడానికి. "ఇదిగో అత్తా, దొరికింది, చేతి దగ్గరే ఉంది" అన్నాడు లాతూ. పెద్ద సైజు డబ్బా గొంతులో వినిపించింది. ఫెలేటి ఊపిరి వదిలాడు. అతనికి వేరు అంటే పని అయింది, ఇక టీ. సెయిని తల్లి వైపు చూడలేదు.

అత్త తన మూలని లాతూ భుజం మీద వేసి గోతిలోకి దిగింది. అంత వయసులో అంత చురుగ్గా దిగడం ఎవరూ ఊహించలేదు. మోకాళ్ళ మీద కూర్చుంది. వేరు వైపు చూసింది. నూనె సీసా కోసం చెయ్యి చాచింది. సీసా అకనేసి నడుముకి కట్టిన గుడ్డలో ఉంది, తీసి ఇచ్చింది. మూత తీయలేదని తెలుసు కాబట్టి అత్తే తీసుకుంది. పుర్రె తుడిచింది ముందు, అమ్మ ముఖం కడిగినట్టు, బుగ్గలుండే చోట కూడా. భుజాలు. ఎడమచేతి చిన్న ఎముకలు ఇసుకలోంచి గింజల్లా ఒక్కోటీ ఏరి కొత్త గుడ్డలో వేసింది, అవి వాటిలో అవి తగిలి చిన్నగా చప్పుడయ్యాయి. తర్వాత కుడిచెయ్యి. ఆవిడ వేళ్ళు గింజల కోసం వెతికాయి. గింజలు రాలేదు. ఒకటే ముద్ద వచ్చింది, అరచేతిలో పట్టేంత, గుంటలు గుంటలుగా, అంచులు ఏదో కొరికినట్టు, అలలకి కొట్టుకొచ్చిన పగడపు రాయిలా.

అకనేసి దాన్ని పోల్చుకుంది. నల్లటి ఫిలిం మీద తెల్లగా చూసింది. అది తనది. ఒక వెర్రి క్షణంలో, నా చెయ్యి ఈ ఇసుకలోకి ఎప్పుడొచ్చింది అనుకుంది. ఇన్నేళ్ళుగా ఇక్కడ పడుకుని ఉన్నది తనా, పైన బట్ట పట్టుకుని నిలబడ్డది నాయనమ్మా. టక్. ఆగి. టక్. వేరు దాన్ని తాకనే లేదు. ఆ ముద్దలో వేరు దూరే సందే లేదు. ఏమీ అనకు, అనుకుంది, నువ్వు ఏమీ అనకు, అంటే ఆవిడ వేరు పట్టుకుంటుంది.

అత్త ఆ ముద్దకి నూనె రాసింది. రాసిన చోటే మళ్ళీ రాసింది. గోతిలోంచి చెయ్యి పైకి చాచి అకనేసి కుడి మణికట్టు పట్టుకుంది. మామూలుగా ఆవిడ ఒక వస్తువు పట్టుకుంటే "ఇది బాగుందే" అంటుంది. ఇప్పుడు అనలేదు. బొటనవేలితో ఆ వంగని కీలు చుట్టూ నెమ్మదిగా తడిమింది, ఎక్కడ గుంట, ఎక్కడ గట్టు. రెండో చేతిలో ముద్దని అలాగే తిప్పింది. గుంట, గట్టు. తల ఎత్తకుండా సెయిని వైపు చెయ్యి చాచింది. సెయిని వంగి తన చెయ్యి ఇచ్చింది. ఆ మణికట్టు ఇంకా మెత్తగా, నీళ్ళలో ఈత కొమ్మలా అటూ ఇటూ వంగింది. అత్త దాన్ని ఒకసారి వంచి చూసి, ఇంకోసారి వంచి చూసి, ఆపైన వదలకుండా అలా పట్టుకునే ఉండిపోయింది. సూర్యుడు బెరడు బట్ట అంచు దాకా వచ్చాడు.

"ఈ వేరు కోసెయ్యనా అత్తా?" అన్నాడు లాతూ.

"దాని జోలికి పోకు. అది దాని దారిన అది పోతోంది." గొంతు ఆవిడది కాదు, ఎవరో చిన్నపిల్లది. "మా అమ్మ సుత్తి కట్టుకోలేదే అకనేసీ. నేనే కట్టాను. వేళ్ళు మూసుకోవట్లేదు తల్లీ అంటే బద్ధకం అన్నాను. చర్చికి బట్ట ఇవ్వాలి, నలుగురిలో తలెత్తుకోవాలి అని, పళ్ళతో ముడి బిగించి కట్టాను. ఏడ్చింది. పనికి వంగలేదు ఈ చెయ్యి. మీ అమ్మ దగ్గర నుంచీ రాలేదు." సెయిని మణికట్టుని తెచ్చి అకనేసి చేతిలో పెట్టింది, ఇరవై ఏళ్ళలో ఆవిడ తిరిగి ఇచ్చిన మొదటి వస్తువు అది. "ఇవాళే తీసుకెళ్ళు డాక్టరమ్మ దగ్గరికి. సోమవారం దాకా ఎందుకు. నేను తప్పు చెప్పాను."

అకనేసి వేళ్ళు కూతురి మణికట్టు చుట్టూ మూసుకున్నాయి, అంత పొద్దున్నే, చిటికెన వేలితో సహా. గోతి అడుగున లాతూ చెవిలోంచి ఇసుక దులుపుకుంటూ తల ఎత్తాడు.

"ఏమన్నారత్తా? వినపడలేదు."

"తప్పు నాది అన్నాను" అంది తూపౌ అత్త, ఊరికంతా వినపడేలా. "మా అమ్మ దగ్గరా తప్పు చేశాను, దీని దగ్గరా తప్పు చేశాను. ఇప్పుడు వినపడిందా?"